గువ్వలంకలో పన్నెండో నియమం

రోజు 1
బయలుదేరింది: ఏలూరు దాటుగది. నడిచింది: నాలుగు కిలోమీటర్లు. యాత్రికులు: ఆరుగురు. గైడ్లు: ఇద్దరు. బొబ్బలు: పదకొండు.

నాలుగు కిలోమీటర్లకి పదకొండు బొబ్బలు. ఈసారి గుంపు మరీ సుకుమారం. ఆరుగురూ పొద్దున్న దాటుగది తలుపు తీసుకుని ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఒకరు సిమ్లాలో కాఫీ తాగుతూ లేచి వచ్చారు, కప్పు ఇంకా చేతిలోనే ఉంది. దాటుగదిలో ఇక్కడ అడుగు ఎత్తి ఎక్కడో వేరే ఊళ్ళో దించడం తప్ప దారి అనేదొకటి ఉంటుందని ఎరగని మనుషులు. దమయంతి గారని అరవై దాటిన ఆవిడ చేపల చెరువు గట్టు మీద ఆగిపోయి, నాలుగు వైపులా చూసి, "ఈ మధ్యలో ఉన్నదంతా ఎప్పట్నుంచి ఉందండీ?" అని అడిగారు. ఎప్పట్నుంచో ఉందమ్మా, మీరే దాటేసి పోతున్నారు అన్నాను. అందరికీ వేపనూనె పంచి, మడమలు రుద్దుకోవడం నేర్పాను.

ఈ పలక మీద రాసింది చెరగదు. పైన ఉన్న గడులు నడక కార్యాలయం చదువుతుంది. కింద రాసుకునే సొద ఎవరూ చదవరని మా పాపారావు మాస్టారు చెప్పేవారు. ఆయన ముప్పై ఏళ్ళు ఈ దారిలో మనుషుల్ని నడిపించారు. ఆయన మాట నమ్మి పద్నాలుగేళ్ళుగా కడుపులో ఉన్నదంతా ఇక్కడే కక్కుతున్నాను.

కాబట్టి కక్కేస్తాను. ఈసారి నాకు సహాయ గైడునిచ్చారు. పేరు జోజి. వయసు ముప్పై నాలుగు. తాటిచెట్టంత పొడుగు. ఎనిమిదేళ్ళు దాటుగది గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళకి "అడుగు జాగ్రత్త" అని చెప్పిన అనుభవం. అంతే అనుభవం. నాకు సహాయం కావాలని నేనెవర్నీ అడగలేదు.

రోజు 2
నడిచింది: ఆరు కిలోమీటర్లు. బొబ్బలు: ఏడు. నియమాలు చదివి వినిపించాను.

మధ్యాహ్నం నడక సత్రంలో అందర్నీ కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. చూపిస్తేనే చూడండి. పెడితేనే తినండి. పేరు చెబితేనే పేరు పెట్టి పిలవండి. ఒక్కొక్కటీ ఎందుకో కూడా చెబుతాను, లేకపోతే జనం బడిలో ఎక్కాల్లాగా వింటారు.

పన్నెండో నియమం దగ్గరికొచ్చేసరికి నా గొంతు కాస్త పెరుగుతుంది. పెరగాలి కూడా. అది నేను రాసిందే. "పిలవనిదే ఏ ఇంటి గడపా దాటరాదు." కొల్లేటి లంకల్లో కూడా దాటుగదులున్న రోజుల్లో గంటకి మూడు వందల మంది దిగేవాళ్ళు. నేరుగా వంటిళ్ళలోకి నడిచి, కుండల మూతలు తీసి, స్నానం చేసి వస్తున్న ఆడవాళ్ళ ఎదురుగా నిలబడి ఫొటోలు తీసుకుని, కాఫీ చల్లారేలోపు వెనక్కి పోయేవాళ్ళు. చివరికి లంకల వాళ్ళే ఆ గదుల్ని పీకి నీళ్ళల్లో పారేశారు. అప్పట్నుంచి నడిచొస్తేనే రానిస్తారు, అదీ ఆరుగురికి మించకుండా, గైడుతో. ఆ నియమం రాసినప్పుడు మాస్టారు నా భుజం తట్టారు. ఇప్పుడు అన్ని లంకల గైడ్లకీ అదే వేదం.

ఇదంతా చెప్పి ఊపిరి పీల్చుకునేలోపు జోజి, "మరి ఆకలేస్తే ఏం చెయ్యాలక్కా?" అన్నాడు. ఆరుగురూ ఘొల్లుమన్నారు. నేను నవ్వలేదు.

రోజు 3
నడిచింది: ఏడు కిలోమీటర్లు. బొబ్బలు: నాలుగు, అన్నీ పాతవే.

మధ్యాహ్నం గిన్నెలు తోమే పని జోజికి అప్పగించాను. మసి గిన్నెలు కూడా. పని తప్పించుకుంటాడేమో, కార్యాలయానికి రాద్దామని చూశాను. వాడు తోముతుంటే నలుగురు యాత్రికులు వెళ్ళి చుట్టూ చేరి తామూ తోమారు. "ఇంత హాయిగా ఎప్పుడూ లేదండీ" అన్నారు దమయంతి గారు, చేతులకి బూడిద పూసుకుని. తర్వాత నా పక్కన కూర్చుని, "ఆ అబ్బాయి భలే మనిషండీ. మీరు కూడా చాలా క్రమశిక్షణ గల మనిషి" అన్నారు.

క్రమశిక్షణట. ఆ మాట నాకు సాయంత్రం దాకా అరగలేదు.

రోజు 4
నడవలేదు. వర్షం.

రాయడానికేం లేదు. జోజికి జలుబు చేసింది. సంతోషించాను. తర్వాత సిగ్గుపడ్డాను. ముందు మాత్రం సంతోషించాను.

రోజు 5
చేరింది: గువ్వలంక. దోనెలో: రెండు గంటలు. బస: నాంచారమ్మ ఇల్లు. లోపలికి వెళ్ళినవారు: ఆరుగురు. పిలిచినవారు: నాంచారమ్మ.

ఈ చివరి రెండు గడులూ పన్నెండో నియమం కోసమే పెట్టారు. ఎవరు లోపలికెళ్ళారు, ఎవరు పిలిచారు. ఇవాళ వాటిలో నేను అబద్ధం రాయలేదు గానీ, నిజం మొత్తం రాయలేదు.

రేవులో దిగేచోట బురదలో ఒక తాటిదుంగ ఉంటుంది. పాకుడు పట్టి నున్నగా ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా "దుంగ మీద అడుగు జాగ్రత్తగా వేసి దిగండి" అని ప్రతి గుంపుకీ చెబుతున్నాను. నేనే ముందు దాని మీద కాలు వేసి దిగి చూపిస్తాను. ఇవాళ కూడా దిగాను.

నాంచారమ్మకి డెబ్భై ఏళ్ళుంటాయి. ఈ లంకలో ఎవరు అడుగు పెట్టాలో, ఎవరు పెట్టకూడదో ఆవిడ మాటే చెల్లుతుంది. మమ్మల్ని చూసి గుమ్మంలోకి వచ్చి, యాత్రికుల వైపు రెండు చేతులూ చాపింది. "రండమ్మా, రండి బాబూ, లోపలికి రండి. కాళ్ళు నొప్పులెట్టాయా? కూకోండి." ఆరుగురూ గడప దాటి లోపలికెళ్ళారు. తర్వాత నా వైపు చూసి, "వచ్చేవటే? చిక్కిపోయావేంటే అలాగ?" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ప్రతి ఏడూ ఇదే వరస. నిన్న గాక మొన్న దాటుగదిలోంచి ఊడిపడ్డ మనుషుల్ని గౌరవంగా పిలుస్తుంది. నన్ను ఏమే, ఏంటే అంటుంది. అరుగు మీద నాకో చాప వేసి ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఆ చాప మీదే కూర్చుని, బయటికొచ్చిన కంచంలోనే తిని, గోడవతల యాత్రికులు నవ్వుతుంటే వింటున్నాను. పిలవనిదే వెళ్ళకూడదని రాసిందాన్ని నేనే కదా. పిలుస్తుంది, పిలిచేదాకా ఓపిక పట్టడమే మర్యాద అనుకుంటూ వచ్చాను. మొదటి నాలుగైదేళ్ళు అలా అనుకోవడం కష్టమనిపించలేదు. ఒకసారి, తొమ్మిదేళ్ళ కింద, రేవులో నన్ను నిలబెట్టి, వెదురుపుల్ల నా గడ్డం కింద పెట్టి, గోటితో గాటు పెట్టి పకపకా నవ్వింది. పొట్టిదాన్నని వెక్కిరించిందని ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను చాప మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాను. లోపల్నుంచి చేపలు వేగుతున్న వాసన. జోజి సంచులు దించి, ముక్కు ఎగబీల్చి, చొక్కాకి చేతులు తుడుచుకుని, నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు. ద్వారబంధం ఠంగున తలకి తగిలింది. "అబ్బా!" అన్నాడు. లోపల నాంచారమ్మ నవ్వు వినబడింది, తర్వాత "ఒరే, ఆ జల్లెడ ఇలాగందుకో" అని కేక. తర్వాత వాడి గొంతు, "ఎక్కడుందత్తా?"

అత్తట. నేను పద్నాలుగేళ్ళుగా నాంచారమ్మ గారూ అంటున్నాను.

రోజు 6
బస: గువ్వలంక. యాత్రికులు వల అల్లడం చూశారు, చూపించాక. దోషం నమోదు: ఒకటి.

అసూయ అంటే ఏమిటో ఇప్పటిదాకా తెలియదనుకునేదాన్ని. తెలియకేం, బాగా తెలుసు, పేరు పెట్టలేదంతే. పొద్దున్నుంచీ వాడు ఆ ఇంట్లోకి మేనల్లుడిలా వెళ్తున్నాడు, వస్తున్నాడు. ప్రతిసారీ తల కొట్టుకుంటున్నాడు. ప్రతిసారీ ఆవిడ నవ్వుతోంది. మధ్యాహ్నానికి నుదుటి మీద పసుపు రాసింది. నేనిక్కడికి రావడం మొదలెట్టిన ఆరో ఏట నా మడమకి ముల్లు గుచ్చుకున్నప్పుడు కూడా పసుపు బయటికి పంపింది గానీ, తను వచ్చి రాయలేదు.

ఈ ఏడాది ఇంకో భయం ఉంది నాకు. ప్రతి లంకకీ ఒక గైడు దోనె ఉండాలి. లంక వాళ్ళు తాటిదుంగ తొలిచి, తాము కోరుకున్న గైడుకి ఇస్తారు. ఎవరి దోనె ఆ రేవులో ఉంటే వాళ్ళే ఆ లంకకి జనాన్ని తేవాలి. గువ్వలంకలో మాస్టారి దోనె ఆయనతోపాటే ముసలిదై పోయింది. అప్పట్నుంచీ నేను అడిగి తెచ్చుకున్న ఎరువు దోనెల్లో వస్తున్నాను. వచ్చే ఏడాది నుంచి ఎరువు దోనెలు కుదరవని ఈ ఏడు పెద్దలు తేల్చేశారు. అంటే ఈ నాలుగు రోజుల్లో దోనె నాకివ్వకపోతే గువ్వలంక నాకు లేనట్టే. ఈ లంక లేకపోతే నాకింకేముందో నాకు తెలియదు. పెళ్ళాడలేదు. సొంత ఇల్లు లేదు. ఉన్నదల్లా ఏడాదికి ఆరు రోజులు ఈ అరుగు.

యాత్రికులు చేపలు ఎండబెట్టే చోటుకి వెళ్ళగానే పలక తీశాను. "సహాయ గైడు జోజి, పిలవకుండా గడప దాటాడు. నియమం పన్నెండు. సాక్షి: గైడు సుభాషిణి." నిజమే కదా, అబద్ధం ఒక్క ముక్క లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు సార్లు చెప్పుకోవాల్సొచ్చింది.

రోజు 7
బస: గువ్వలంక. యాత్రికుల్లో ఇద్దరు గెడకర్రతో దోనె తోసి, బురదలో పడి, లేచారు.

పొద్దున్నే నలుగురు మగవాళ్ళు రేవులోకి దిగి ఆ పాకుడు దుంగని బురదలోంచి పైకి లాగారు. కొబ్బరిపీచుతో రుద్దితే లోపల్నుంచి నల్లగా, గట్టిగా, ఇనుములా బయటపడింది. అదెందుకని అడగలేదు. చూపిస్తేనే చూడాలి, అడక్కూడదు. అదీ నియమమే. వాళ్ళే చెప్పారు. "దోనెకమ్మా. బురదలో ఎంత నానితే అంత గట్టి. ఇది తొమ్మిదేళ్ళు నానింది. ఇంక ఆగితే పుచ్చిపోద్దని నాంచారమ్మత్త ఈ ఏడు తీసేయమంది."

ఎవరికోసం అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. వాళ్ళు నా మొహంలోకి చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మళ్ళీ రుద్దడంలో పడ్డారు. అప్పుడు జోజి వచ్చి దుంగ పొడవునా పడుకుని కొలత చూశాడు. కాళ్ళు బయటికొచ్చాయి. అందరూ నవ్వారు. తొమ్మిదేళ్ళు ఆ దుంగ మీద కాలుపెట్టి దిగి, అది ఎవరి దోనె అవుతుందో తెలియకుండా దాన్ని మెట్టులా వాడుకున్నాను. ఇక దాని మీద వేరేవాడు కూర్చుంటాడు.

మధ్యాహ్నం జోజి అరుగు దగ్గరికి వచ్చి, "అక్కా, లోపల పొయ్యి చాలా బాగుంది. ఊరికే చెబుతున్నా" అన్నాడు.

"నియమం పన్నెండు" అన్నాను.

"అదే అక్కా. నేను రమ్మనడం లేదు. పొయ్యి బాగుందన్నానంతే."

వెటకారం చేస్తున్నాడనుకున్నాను. చేపపులుసు కంచం బయటికొస్తే సగం పిల్లికి పెట్టాను. పిల్లి మాత్రం ఆ ఇంట్లోకి పిలవకుండానే వెళ్తుంది.

రోజు 8
బస: గువ్వలంక. కార్యాలయం జవాబు: అందింది.

జవాబు ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. "దోషం రుజువైంది. జోజి నడక అనుమతి ఈ యాత్రతో రద్దు. తిరిగి ఏలూరు దాటుగది గుమ్మం పనికి. నియమాన్ని కాపాడిన గైడు సుభాషిణికి అభినందనలు."

మొదట హాయిగా అనిపించింది. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను. రెండు నిమిషాలు హాయిగా అనిపించింది. తర్వాత చూస్తే చేపలు ఎండబెట్టే చోట వాడు దమయంతి గారి చేత పందిరి తాడు కట్టిస్తున్నాడు. ఆవిడ చేతులు వణుకుతుంటే తొందర పెట్టకుండా, పక్కన కూర్చుని, ముడి జారిపోయిన ప్రతిసారీ "మళ్ళీ మొదట్నుంచి, మనకేం తొందర" అంటున్నాడు. నెమ్మది యాత్ర అంటే ఏమిటో పద్నాలుగేళ్ళుగా ఉపన్యాసాలు దంచుతున్నాను. వాడు ఉపన్యాసం చెప్పకుండా చేసేస్తున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి అందరికీ అడుగు జాగ్రత్త అని చెప్పడానికి వాణ్ణి మళ్ళీ పంపించేస్తున్నాను.

వాడంటే కోపం మాత్రం పోలేదు. అసూయ, సిగ్గు రెండూ ఒకే చోట ఉంటాయని ఇవాళ తెలిసింది.

రోజు 9
బస: గువ్వలంక. యాత్రికులు లంక చుట్టూ దోనెల్లో తిరిగారు. గూడబాతులు చూశారు.

పొద్దున్న జోజి రేవులో దోనెలు కడుగుతుంటే వెళ్ళి చెప్పేశాను.

"నీ మీద నేనే రాశాను. నీ అనుమతి పోయింది. జవాబు కూడా వచ్చింది."

వాడు నీళ్ళు చల్లడం ఆపాడు. "మళ్ళీ గుమ్మమేనా?" అన్నాడు.

"ఆఁ."

మళ్ళీ దోనె అంచు రుద్దడం మొదలుపెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"తప్పు నాదేలే అక్కా. ఆకలేసింది, వెళ్ళిపోయాను. మా ఇళ్ళల్లో అలాగే వెళ్తాం. అత్త ఏమందో తెలుసా? హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒక్కడన్నా వచ్చాడు, గైడ్లందరూ వీధిలోనే కూకునే రకమనుకున్నా అంది."

"మరి ఎందుకు పిలవలేదు నన్ను?" అన్నాను. అనకూడదనుకుంటూనే అనేశాను. "ఊరూ పేరూ తెలియనివాళ్ళని రండి రండి అంటుంది. నన్ను ఒక్కసారి అనడానికి నోరు రాలేదా?"

జోజి నా వైపు వింతగా చూశాడు. "అక్కా, ఇక్కడ రండి అని పిలిచేది పరాయివాళ్ళనే. సొంత మనుషుల్ని ఎవరన్నా పిలుస్తారా? పిలిస్తే కొట్టినట్టు అనుకుంటారంట. సొంతవాళ్ళయితే వచ్చేస్తారు. రాకపోతే, రావడం ఇష్టం లేదని."

దోనెలో ఉన్న నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

"నిన్ను రమ్మని చెప్పనని అత్తకి మాటిచ్చాను. చెప్పి రప్పిస్తే అదీ పిలిచినట్టేనంట. అందుకని రమ్మని చెప్పట్లేదు. ఒక కొలత చెప్తున్నానంతే. నిన్న సాయంత్రం పొయ్యి మీద అటక నుంచి ఒక తెడ్డు తీసి నా చేతికివ్వబోయింది. ఆ ఆడది వచ్చేలా లేదు, దుంగ పుచ్చిపోద్ది, వచ్చినవాడివి నువ్వే పట్టుకుపో అంది. తెడ్డు మనిషి గడ్డం ఎత్తుకి చేస్తారు కదా. నిలబెట్టి చూశాను. నా ఛాతీ దాకా కూడా రాలేదు. నాది కాదత్తా అని మళ్ళీ అటకెక్కించేశాను."

వెదురుపుల్ల. గోటితో గాటు. ఆ పకపకా నవ్వు. తొమ్మిదేళ్ళు నేను దాన్ని వెక్కిరింత అని మోసుకు తిరిగాను. నేను అరుగు మీద కూర్చుని గోడవతల నవ్వులు విని కుళ్ళిపోతుంటే, గోడకి లోపలివైపు నా ఎత్తుకి చెక్కిన తెడ్డు అటక మీద మసి పడుతూ ఉంది.

మధ్యాహ్నం చాప మీద కూర్చున్నాను. గడప నాకు రెండడుగుల దూరంలో ఉంది. లేవలేకపోయాను. గడప దాటి, అది పలక మీద రాస్తే జోజి గతే నాకూ పడుతుంది. రాయకుండా దాటితే నేను రాసిన నియమాన్ని నేనే దొంగతనంగా తొక్కినదాన్నవుతాను, వాడు మాత్రం గుమ్మానికి పోతాడు. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాను. నాంచారమ్మ రెండుసార్లు బయటికొచ్చింది. నా వంక చూడలేదు.

రోజు 10
గడులు చివర్న రాస్తాను.

పొద్దున్న ఎనిమిదింటికి యాత్రికులు అరుగు మీద కూర్చుని మడమలకి వేపనూనె రాసుకుంటున్నారు. బొబ్బలు ఒక్కటీ లేవు. దమయంతి గారు పక్కకి జరిగి నా చాప మీద చోటు చూపించారు. నేను కూర్చోలేదు.

లోపలికి నడిచాను. ఆ ద్వారబంధం నాకు తగల్లేదు. వంగక్కర్లేకపోయింది. నా ఎత్తుకి సరిగ్గా సరిపోయింది.

లోపలంతా పొగ. నాంచారమ్మ వీపు ఇటు పెట్టి చేపలు తోముతోంది. వెనక్కి తిరగలేదు. ఎవరని అడగలేదు. "వచ్చేవా?" అని కూడా అనలేదు.

"ఆ పొయ్యి కాస్త ఎగదొయ్యవే. కళ్ళు మండిపోతన్నాయి" అంది.

కూర్చుని పుల్లలు ఎగదోశాను. ఊదాను. మంట లేచింది. నాకూ కళ్ళు కారిపోతున్నాయి, పొగ తగ్గాక కూడా ఆగలేదు. ఆవిడ చేపలు కడిగి, ఉప్పు పట్టించి, చేతులు తుడుచుకుని అప్పుడు తిరిగింది.

"పద్నాలుగేళ్ళే" అంది. "నీ మనిషి ఇంకా ఈదిలోనే కూకుందా అని ఊరంతా నన్ను నవ్వుతుంటే, ఏం చెప్పుకోవాలే నేను? నా ఇల్లు నీకంత కాకుండా పోయిందా? ఏడేడూ ఈ ఏడన్నా వత్తది, ఈ ఏడన్నా వత్తది అని చేపలు నీకోసం కూడా లెక్కేసి వండేదాన్ని. కంచం బయటికంపుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది."

"నువ్వు పిలుస్తావని చూశాను అత్తా" అన్నాను. అత్తా అన్న మాట నోట్లోంచి వచ్చాకే విన్నాను.

"పిలవడానికి నువ్వెవత్తివి నాకు? పరాయిదానివా?" అని కసిరి, ముక్కాలిపీట ఎక్కి అటక మీంచి తెడ్డు దించి నా ఒళ్ళో పడేసింది. "తొమ్మిదేళ్ళ నుంచీ దీనికి మసి తుడిచి తుడిచి నా చేతులు పడిపోయాయి. ఇక నీదాన్ని నువ్వు తుడుచుకో."

లేచి నిలబెట్టి చూశాను. గడ్డానికి సరిపోయింది.

జోజి సంగతి చెప్పాను. నేనే రాశానని చెప్పాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ నాకు తగినవే. తర్వాత, నేనిప్పుడు లోపలికొచ్చిన సంగతి రాస్తే నా అనుమతి కూడా పోతుందనీ, గువ్వలంకకి ఇక జనాన్ని తేలేననీ చెప్పాను.

"రాయకపోతే?"

"వాడొక్కడే పోతాడు."

"అయితే రాయి" అంది, పెనం పొయ్యి మీద పెడుతూ. "దోనె గైడుకని ఎవరు చెప్పారే నీకు? ఇది నా మనిషికి."

మధ్యాహ్నం దోనె తొలవడం మొదలుపెట్టారు. మొదటి దెబ్బ నా చేత వేయించారు. వచ్చే నెలకి నీళ్ళలో దిగుతుందట. నేనిక్కడే ఉండిపోతాను, యాత్రికుల్ని రేపు జోజి వెనక్కి నడిపిస్తాడు. అనుమతి ఈ యాత్ర ముగిసేదాకా ఉంది కదా, దారి వాడికి తెలుసు, మడమలు చూడటం కూడా నేర్చుకున్నాడు. దోనె రుద్దుతున్న వాణ్ణి చూస్తే ఇప్పటికీ కాస్త కుళ్ళుగానే ఉంది. ఆ ఇంట్లోకి మొదట వెళ్ళినవాడు వాడే.

ఇక గడులు. కార్యాలయానికి విన్నపం: పన్నెండో నియమం రాసింది నేను. పరాయివాళ్ళకి అది అవసరమే, తీసేయకండి. కానీ పరాయివాళ్ళెవరో తేల్చాల్సింది ఇంటివాళ్ళు. జోజి మీద నేను రాసిన దోషం అసూయతో రాసింది. అతను దాటిన గడపా నేను దాటిన గడపా ఒకటే. శిక్ష ఉంటే ఇద్దరికీ వెయ్యండి, లేదా అతన్ని వదిలెయ్యండి.

దోషం నమోదు: ఒకటి. నియమం: పన్నెండు.
ఇల్లు: నాంచారమ్మది, గువ్వలంక.
సాక్షి: గైడు సుభాషిణి.
లోపలికి వెళ్ళినవారు: గైడు సుభాషిణి.
పిలిచినవారు: ఎవరూ లేరు.